కుక్కకు నిలకడ నేర్పిన చలికాలం

గల్ఫ్‌లో ఏం పని చేశావని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కుక్కను కదలకుండా కూర్చోబెట్టాను అని చెబుతాను. నవ్వుతారు. వాళ్ళు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఊరివాళ్ళకు ఆ దేశాలన్నీ కలిపి ఒకటే దుబాయ్. నేనున్నది ఖతర్ అని చెప్పీ చెప్పీ విసుగెత్తి మానేశాను. దుబాయ్ పోయినవాడు మేడలు కట్టి ఉండాలి, లేదంటే కట్టినట్టు కోతలైనా కోయాలి. కుక్కను కూర్చోబెట్టానంటే ఎవరికి రుచిస్తుంది? నేను చేసింది మాత్రం అదే. అంత కష్టమైన పని నా జన్మలో మళ్ళీ చేయలేదు.

చమురు డబ్బు పొంగి పొర్లుతున్న కాలం అది. దోహాలో ఎటు చూసినా తవ్విపోసిన మట్టి, కొత్త రోడ్లు, లేస్తున్న గోడలు. నాతో విమానం ఎక్కినవాళ్ళంతా ఇటుక పనికో ఇనుప పనికో పోయారు. నేను గొర్రెల కాపరి ఇంట్లో పుట్టినవాణ్ణని ఏజెంటు నన్ను మేకలు కాసే వీసా మీద పంపాడు. దోహాకు దక్షిణాన, ఆ సందడేదీ వినబడనంత దూరంలో ఒక మజ్రా. మజ్రా అంటే తోట అనుకోండి. చుట్టూ గోడ, లోపల ఖర్జూరం చెట్లు, గడ్డి మడులు, మేకల దొడ్డి, నాకొక రేకుల గది. గోడ దాటితే ఇసుక. యజమానిని అర్బాబ్ అనేవాళ్ళం. ముసలాయన. మాట తక్కువ, నమాజు ఎక్కువ. శుక్రవారం పూట వచ్చి మేకల్ని చూసి, చెట్ల కింద చాయ్ తాగి వెళ్ళేవాడు. ఆయన కారు నడిపేది మా కరీంనగర్ వైపు ముస్లిం. తెలుగు, హైదరాబాదీ హిందీ, అరబ్బీ మూడూ గలగలా మాట్లాడేవాడు. అర్బాబ్‌కూ నాకూ మధ్య ఏ మాట నడవాలన్నా ఆయన నోటిమీదుగానే నడవాలి. నన్ను తమ్మీ అనేవాడు. నేను భాయ్ అనేవాణ్ణి.

మజ్రాకు కొంత దూరంలో పెద్ద మడుగు ఉండేది. దోహా వాడి పారేసిన నీళ్ళను శుభ్రం చేసి అక్కడికి వదిలేవారు. ఎంత శుభ్రం చేసినా వాసన ఎక్కడికి పోతుంది? అయినా ఆ ఎడారిలో నీళ్ళు నీళ్ళే. ఒడ్డు పొడుగునా రెల్లు దట్టంగా పెరిగింది. చలికాలం రాగానే ఏ చలి దేశాల నుంచో బాతులు గుంపులుగా వచ్చి దానిమీద వాలేవి. అంత దూరం ఎగిరొచ్చి దోహా జనం స్నానం చేసిన నీళ్ళలో ఈదుతున్న వాటిని చూస్తే, మేమూ ఇంతే కదా అని నవ్వొచ్చేది.

కుక్క నాకు అంటుకున్నది ఆ మడుగు వల్లనే. చమురు కంపెనీలో పనిచేసిన ఒక ఇంగ్లీషు దొర తన దేశానికి తిరిగి వెళ్తూ, పెంచుకున్న కుక్కను అర్బాబ్‌కు బహుమతిగా ఇచ్చాడు. తేనెరంగు ఆడకుక్క. రిట్రీవర్ జాతి అన్నారు. తుపాకీతో కొట్టిన బాతు నీళ్ళలో పడితే ఈదుకుంటూ పోయి, పంటిగాటు పడకుండా నోట కరుచుకుని తెచ్చే జాతి. డేగలతో వేటాడే ఆ మనుషులకు ఇది వింత. అర్బాబ్ చుట్టపక్కాలందరి దగ్గరా గొప్పలు పోయాడు. ఈ చలికాలం నా మజ్రాకు రండి, నీళ్ళలోంచి బాతును బతికుండగానే తెచ్చే కుక్కను చూపిస్తాను అన్నాడు.

గొప్పలు చెప్పుకోవడం సులువే. ఆ కుక్కకు ఈత వచ్చు, వాసన పట్టడం వచ్చు, మెత్తగా కరవడం వచ్చు. రానిది ఒక్కటే, నిలకడ. తుపాకీ పేలితే చాలు, కుయ్యోమని కూతపెట్టి నీళ్ళలోకి దూకేది. వాలబోతున్న బాతులన్నీ బెదిరి లేచిపోయేవి. దొర వెళ్ళేముందు నాలుగైదు సార్లు మజ్రాకు వచ్చి, తాడు ఎలా పట్టుకోవాలో సైగలతో నాకు చూపించాడు. చివరిసారి దాని తల నిమిరి, కళ్ళు తుడుచుకుని, కారెక్కి పోయాడు. మా ఇంట్లోనూ కుక్కలుండేవి. అవి మంద చుట్టూ ఉరికి మొరిగితేనే మంచి కుక్కలు. అరవకుండా, మెదలకుండా కూర్చునే కుక్కను మేం రోగిష్టిదనుకుంటాం. దీన్ని అలా కూర్చోబెట్టే పని నా నెత్తిన పడింది.

కుక్కను ఇంటికి ఆమడ దూరం ఉంచాలి, దాని గిన్నె వేరుగా ఉండాలి అని అర్బాబ్ పద్ధతి. ఆయన దాన్ని చేత్తో తాకేవాడు కాదు. కాబట్టి అది నా గది పక్కనే ఉండేది, నన్ను తప్ప ఎవరినీ లెక్కచేసేది కాదు. దానికి ఇంగ్లీషు పేరేదో ఉండేది. నా నోరు తిరగక బిడ్డా అని పిలిచాను. దానికీ అదే బాగుందనిపించినట్టుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆవిడ క్యాసెట్ వచ్చింది. ఉత్తరం రాయలేని ఇళ్ళకు అప్పుడు క్యాసెట్టే దిక్కు. ఊరినుంచి వచ్చినవాళ్ళు దాన్ని దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో మావాళ్ళుండే గదిలో ఇచ్చిపోతే, డ్రైవర్ భాయ్ సరుకులతో పాటు నాకు తెచ్చిచ్చాడు. నేను బయల్దేరేనాటికి ఆమె నిండు చూలాలు. పుట్టిన పాప దక్కలేదని, తర్వాత ఈమె కోలుకోలేదని ఎవరో చెప్పగా విన్నాను. ఎంతగా కోలుకోలేదో క్యాసెట్ వింటేనే తెలిసింది.

మొదట కాసేపు ఏమీ లేదు. బటన్ నొక్కి మైకు ముందు కూర్చోబెడితే సిగ్గుపడి మాట్లాడలేకపోయినట్టుంది. దూరంగా కోడి కూసింది. ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఆమె గొంతు వినిపించింది.

“ఇంటున్నవా?”

ఏదైనా చెప్పబోయే ముందు ఆమె అలాగే అడిగేది. పక్కనే కూర్చుని ఉన్నా సరే, ఇంటున్నవా అని అడిగి, నేను ఊఁ అన్నాకే చెప్పేది. రేకుల గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఊఁ అన్నాను.

“నాకు పాణం బాగుంటలేదు. కాళ్ళు చేతులు గుంజుతున్నయ్, బువ్వ పోతలేదు. డాక్టరు సూదులేస్తుండు గని నాకు తెలుస్తున్నది. నువ్వేం తేకు. ఒక్కసారి వచ్చిపో. నిన్ను చూసినంక ఏమన్న గానీ.”

తర్వాత ఇంకా చాలా చెప్పింది. ఏ గొర్రె ఈనిందో, గుడిసెకు కొత్తగడ్డి కప్పించిందో లేదో, అన్నీ చెప్పింది. గొంతు మధ్యమధ్య ఆగిపోయేది. రెండో పక్క ఊరంతా మాట్లాడింది. ఒకడికి రేడియో కావాలి, ఒకడికి వాచీ, ఒకావిడకు సెంటు సబ్బులు. ఆమె మాటలు విన్న చెవితో అవి వింటుంటే రికార్డరును గోడకేసి కొట్టాలనిపించింది.

శుక్రవారం అర్బాబ్ కాళ్ళ దగ్గర కూర్చుని సెలవు అడిగాను. పాస్‌పోర్ట్ ఆయన ఇనప్పెట్టెలో ఉంది. ఆయన చెప్పంది నేను గోడ దాటినా దేశం దాటలేను. డ్రైవర్ భాయ్ నా తరఫున చాలాసేపు బతిమిలాడాడు. ముసలాయన ఓపిగ్గా విన్నాడు. అయ్యో మిస్కీన్, పాపం అన్నాడు, దేవుడు నయం చేస్తాడన్నాడు. తర్వాత ఏదో చెప్పి లేచాడు. భాయ్ నావైపు తిరిగి మెల్లగా చెప్పాడు.

“తమ్మీ, ఇప్పుడు నువ్వు పోతే కుక్కను పట్టేటోడు లేడు అంటుండు. చుట్టాలు వేటకొచ్చే దినం అది కదలకుండ కూసోవాలె. కూసుంటే తెల్లారే పాస్‌పోర్ట్ చేతుల పెడ్త అన్నడు. ఆయన మాటంటే మాటనే.”

ఆయన దుర్మార్గుడు కాడు. అదే నా ఖర్మ. దుర్మార్గుడైతే తిట్టుకునైనా బతికేవాణ్ణి. మా ఆవిడను బతికుండగా చూడటం అనేది, ఒక కుక్క తన వెనకభాగాన్ని నేలకు ఆనించి ఉంచుతుందా లేదా అనే దానిమీద ఆధారపడింది. తలుచుకుంటే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఏడ్చాను, అది వేరే సంగతి.

మర్నాటినుంచి దానితో పడ్డాను. పాత లుంగీని చుట్టి, బాతు ఈకలు కట్టి బొమ్మ చేశాను. దాన్ని కూర్చోబెట్టి, తాడు కాలికింద తొక్కిపట్టి, బొమ్మను విసిరేవాణ్ణి. అది ఉరకబోయేది. తాడు బిగిసేది. మళ్ళీ కూర్చోబెట్టి నేనే పోయి బొమ్మను తెచ్చేవాణ్ణి. పడిన ప్రతిదీ తనది కాదని దానికి తెలియాలి. అన్నం గిన్నె ముందు పెట్టి కూడా అంతే, చెప్పేదాకా ముట్టకూడదు. తుపాకీ చప్పుడుకు బదులు నెయ్యి డబ్బాను కర్రతో కొట్టేవాణ్ణి. మొదట దొడ్డి అవతలనుంచి, రోజురోజుకూ దగ్గరగా. ఒకపూట బుద్ధిగా కూర్చునేది. మరోపూట ఏ గాలి సోకేదో, తాడు తెంపుకునేంత పని చేసేది. ఆ పూట దానిమీద నోరు పారేసుకునేవాణ్ణి. మా ఊళ్ళో ఉన్న తిట్లన్నీ ఆ ఎడారిలో ఖర్చుపెట్టాను.

తిట్టేకొద్దీ అది పాడైంది. ఎందుకో చాలా రోజులు అంతుపట్టలేదు. ఒకనాడు బాతుల గుంపు వాలుతుండగా దాని పక్కనే కూర్చుని ఉన్నాను. అది వణుకుతోంది. ఊరుకో బిడ్డా అని వీపు మీద చెయ్యి వేస్తే, చెయ్యి కూడా వణుకుతోంది. వణుకు నాదే. ఈపాటికి ఆమె ఎలా ఉందో, లేచి తిరుగుతోందో మంచం పట్టిందో అని నేను లోపల కొట్టుకుపోతుంటే, అదంతా తాడు వెంట పోయి దానికి చేరుతోంది. పక్కనున్న మనిషికి స్థిమితం లేకపోతే కుక్కకు ఎక్కడినుంచి వస్తుంది? తాడు దాని మెడకు కాదు, నాకు కట్టాలి అనిపించింది.

ఆ తర్వాత ముందు నన్ను నేను కూర్చోబెట్టుకున్నాను. ఊపిరి మెల్లగా పీల్చి వదిలేవాణ్ణి. ఆమె గుర్తొస్తే మేకల గురించి ఆలోచించేవాణ్ణి. భార్య చావుబతుకుల్లో ఉంటే ఆమెను తలచుకోకుండా ఉండటం సాధన చేసిన మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. పాపమో పుణ్యమో, కుక్క మాత్రం చక్కబడింది. డబ్బా పక్కనే మోగినా చెవులు కదిపి ఊరుకునేది. బాతులు నెత్తిమీదుగా పోయినా కళ్ళతో మాత్రమే వెంబడించేది.

అప్పుడు డ్రైవర్ భాయ్ ఇంకో పిడుగు వేశాడు. నేను పొమ్మంటే కుక్క నీళ్ళలోకి ఎంత అందంగా పోతోందో ఆయనకు చూపించాను. ఆయన మెచ్చుకుంటాడనుకుంటే తల గోక్కున్నాడు.

“తమ్మీ, నువ్వు పంపితే చెల్లదు.”

“ఎందుకు చెల్లదు భాయ్?”

“వేటకుక్క తనంతట తాను ఉరికితే ఆ పిట్ట మాకు పనికిరాదు. పంపితేనే పోవాలె. పంపేటోడు దేవుని పేరు తీసి బిస్మిల్లా అనాలె, ఆ మాట మీద పోవాలె. అర్బాబ్ ఈ విషయంల మస్తు పట్టింపు మనిషి. నువ్వు పో అంటే అది నీ మాట మీద పోయినట్టు గదా. దాన్ని ఆయన తినడు, చుట్టాలకు పెట్టడు.”

నా మాట తప్ప ఎవరి మాటా వినని కుక్క, నా మాట కాకుండా వారానికోసారి కనబడే ముసలాయన మాటకు లేవాలి. ఆయనేమో దాని దగ్గరికి రాడు. పైగా ఏదో పనిమీద సౌదీ వెళ్ళబోతున్నాడు, మళ్ళీ వచ్చేది చుట్టాలతోనే. ఆయన్ను రోజూ మడుగు ఒడ్డున నిలబెట్టి బిస్మిల్లా అనిపించలేను కదా. ఆలోచించగా ఆలోచించగా రికార్డరు మీద పడింది నా కన్ను. మనిషి లేకపోయినా మనిషి గొంతు పనిచేస్తుందని నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

ఖాళీ క్యాసెట్ ఒకటి తెమ్మని భాయ్‌కు చెప్పాను. ఆయన మరిచిపోయి వచ్చాడు. అర్బాబ్ ఆ శుక్రవారం తర్వాత ఇక రాడు. నా దగ్గరున్నది ఆమె క్యాసెట్ ఒక్కటే. గదిలోకి పోయి దాన్ని మళ్ళీ మొదటినుంచి విన్నాను. ఆమె సిగ్గుపడి మాట్లాడకుండా కూర్చున్న ఆ కాసేపు ఉంది కదా, అక్కడ ఒక్క మాట పడుతుంది. ఆమెది ఒక్క అక్షరమైనా పోదు. రికార్డరు పట్టుకుని చెట్టుకింద ముసలాయన ముందు నిలబడ్డాను. సంగతి విని ఆయన గడ్డం సవరించుకుని నవ్వాడు. నవ్వగా చూడటం అదే మొదలు. నేను బటన్ నొక్కాను. ఆయన గంభీరంగా, బిస్మిల్లా, అన్నాడు. వెంటనే ఆపేశాను. గదికి పోయి వింటే సరిగ్గా కుదిరింది. కోడి కూత పోయింది. ముసలాయన బిస్మిల్లా, ఆ వెంటనే ఆమె, ఇంటున్నవా.

ఆ రోజునుంచి అదే పాఠం. కుక్కను కూర్చోబెట్టడం, డబ్బా కొట్టడం, బొమ్మను నీళ్ళలోకి విసరడం, ఆగడం, రికార్డరు నొక్కడం. బిస్మిల్లా వినబడగానే ఆపెయ్యాలి. ఆపలేకపోయేవాణ్ణి. ఇంకొక్క మాట, ఇంటున్నవా అన్నదాకా విని ఆపేవాణ్ణి. అంతకుమించి వింటే నా నిలకడ పోతుంది, ఆ ఒక్క మాటైనా వినకుంటే నా ప్రాణం నిలవదు. మొదట్లో కుక్క బిస్మిల్లాకు లేచేది కాదు. కాసేపాగి లేచేది. తొందరపడకుండా ఆలోచించి పోతోంది, పెద్దమనిషి లక్షణం వచ్చింది అని మురిసిపోయాను. నాకంటే వెర్రివాడు ఉంటాడా?

చుట్టాలు వచ్చిన రోజు తెల్లవారకముందే నాలుగు కార్లు మడుగు ఒడ్డుకు చేరాయి. రెల్లు వెనక తుపాకులతో కూర్చున్నారు. అర్బాబ్‌కు కొంచెం ఎడంగా నేనూ కుక్కా. వెనక డ్రైవర్ భాయ్, బాతును బతికుండగానే కోయడానికి కత్తితో. పొద్దు పొడిచింది. బాతులు దిగడం మొదలైంది. నా ఊపిరి మెల్లగా ఆడుతోంది. కుక్క రాయిలా ఉంది. తుపాకులు ఒక్కసారిగా పేలాయి. చుట్టాల వేటకుక్కలు కార్లలో గోలపెట్టాయి. నా కుక్క కళ్ళు కూడా ఆర్పలేదు. ఒక బాతు రెక్క విరిగి నీళ్ళలో పడి కొట్టుకుంటోంది. అర్బాబ్ నావైపు చూసి, జైన్, జైన్, బాగుంది అన్నాడు. ఆ మాటతో నేను అప్పుడే బొంబాయి విమానం ఎక్కేశాను.

అర్బాబ్ చెయ్యి చాపి, బిస్మిల్లా, అన్నాడు.

కుక్క కదల్లేదు.

ఇంకోసారి గట్టిగా అన్నాడు. అది చెవులు నిక్కబొడిచి వింటోంది. వినడం మానలేదు, కదలడం లేదు. మూడోసారి అనేసరికి చుట్టాల్లో ఒకాయన ఏదో అన్నాడు, అందరూ పగలబడి నవ్వారు. డ్రైవర్ భాయ్ నాకు దాన్ని తెలుగులో చెప్పలేదు. బాతు కొట్టుకుంటూ రెల్లులోకి జారిపోతోంది. ముసలాయన ముఖం నల్లబడింది. నేను కుక్క ముఖంలోకి చూశాను. అది ఆయన్ను చూడటం లేదు, నన్ను చూడటం లేదు. ఇంకా ఏదో రావాలని ఎదురుచూస్తోంది. అప్పుడు అర్థమైంది. ఆమె గొంతు వినబడేసరికి రోజూ నా చెయ్యి దానంతట అదే తాడు వదిలేసేది. దానికి సెలవిచ్చింది ముసలాయన కాదు, ఆమె. ఆమె అడిగితే పోదామని కూర్చుంది.

నేను నోరు విప్పితే ఆ పిట్ట చెల్లదని తెలుసు. విప్పకపోతే పాస్‌పోర్ట్ లేదని తెలుసు. అవన్నీ ఆలోచించి చేశానంటే అబద్ధం. ఎవరు ఎదురుచూస్తున్నా తట్టుకోలేని స్థితిలో ఉన్నాను. వంగి దాని చెవి దగ్గర, “ఇంటున్నవా?” అన్నాను. నా గొంతు ఎటో పోయి, ఆడమనిషి గొంతులాగే వచ్చింది.

నీళ్ళు పెద్దగా చప్పుడు కాకుండా చీలాయి. రెల్లులోంచి బాతును కరుచుకుని, తల పైకెత్తి ఈదుకుంటూ వచ్చి, నా ముందు కూర్చుంది. బాతు బతికే ఉంది. చుట్టాలు ఈసారి చప్పట్లు కొట్టారు. అర్బాబ్ కొట్టలేదు. ఏమని పంపావని డ్రైవర్ చేత అడిగించాడు. గదికి పరిగెత్తి రికార్డరు తెచ్చి ఆయన ముందు నొక్కాను. తన గొంతు తాను విన్నాడు. దాని వెనకే ఆమె గొంతు విన్నాడు. నేను ఆపలేదు. ఇన్నాళ్ళు ఒక్క మాట దగ్గర ఆపిన చెయ్యి ఆపనని మొండికేసింది. పాణం బాగుంటలేదు, ఒక్కసారి వచ్చిపో, నిన్ను చూసినంక ఏమన్న గానీ. డ్రైవర్ భాయ్ ఒక్కొక్క మాటా అరబ్బీలోకి మార్చి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయనే ముక్కు చీదుకున్నాడు. మగవాళ్ళంతా నేలచూపులు చూశారు. అర్బాబ్ ముఖం పక్కకు తిప్పుకుని, ఖలాస్, ఆపు అన్నాడు.

మర్నాడు పాస్‌పోర్ట్ నా చేతిలో పెట్టాడు. ఒక్కటే అడిగాడు. చలికాలం అయిపోలేదు, రికార్డరూ క్యాసెట్టూ ఉంచి వెళ్ళమన్నాడు. కుక్క దగ్గర డ్రైవర్ ఉంటాడు, నువ్వు వచ్చేదాకా ఆయన నడిపిస్తాడు అన్నాడు. కాదనే ఆలోచనే రాలేదు. మనిషినే చూడబోతున్నాను, క్యాసెట్ ఎందుకు?

నేను చేరిన రోజు ఊళ్ళో మా ఇంటి ముందు ఎవరూ లేరు. అందరూ బొంద దగ్గర ఉన్నారు. ఆమె పోయి మూడో రోజు, పిట్టకు పెట్టే రోజు. బట్టలసంచీతో అలాగే పోయాను. ఆకులో అన్నం, ఆమెకు ఇష్టమైన చేపల పులుసు పెట్టి అందరూ దూరం జరిగి నిలబడి ఉన్నారు. కాకి రాలేదు. చెట్టు మీద ఉంది, దిగడం లేదు. ఏం కోరిక మిగిలిందో అని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఏం మిగిలిందో నాకు తెలుసు. నేను ముందుకు పోయి ఆకు పక్కన నిలబడి, వచ్చిన, అన్నాను. అయినా అది చాలాసేపటికి గానీ దిగలేదు. అంతసేపూ నేను వణకలేదు, ఏడవలేదు. చూసినవాళ్ళు దుబాయ్ పోయి మొద్దుబారిపోయాడన్నారు.

ఇంటికి వచ్చాక అత్త నా చెయ్యి పట్టుకుంది.

“బిడ్డ మాట నీ క్యాసెట్ల ఉన్నది గదా. తెచ్చినవా? ఒక్కసారి ఇనిపియ్యి.”

ఆ ఒక్క ప్రశ్నకు కుప్పకూలిపోయాను. కుదిరినంత తొందరగా మళ్ళీ విమానం ఎక్కాను. గల్ఫ్‌కు క్యాసెట్ కోసం తిరిగి పోయినవాడు నేను తప్ప ఉండడు.

మజ్రాకు చేరేసరికి ఎండలు ముదిరాయి, బాతులు వెళ్ళిపోయాయి. కుక్క నామీద పడి ముఖమంతా నాకింది. డ్రైవర్ భాయ్ నన్ను చూడగానే విషయం గ్రహించి కౌగిలించుకున్నాడు. క్యాసెట్ అడిగాను. తెచ్చి ఇస్తూ, మంచి కబురు చెబుతున్నట్టే చెప్పాడు.

“తమ్మీ, నువ్వు పోయిన తెల్లారే అర్బాబ్ నన్ను పిలిచిండు. పరాయి ఆడమనిషి, పాపం బీమార్ల ఉన్న ఆడమనిషి, ఆమె గొంతు పదిమంది మగోళ్ళ నడుమ మోగుడు తప్పు అన్నడు. ఆమె ఇజ్జత్ గదా. గందుకని ఆయననే కూసుండి, రికార్డు నొక్కిచ్చి, ఆ పక్క మొత్తం ఆఖరుదాక బిస్మిల్లా చెప్పిండు. అంత పెద్దాయన, తమ్మీ, నీ ఇంటి మర్యాద కోసం గొంతు ఎండిపోయేదాక చెప్పిండు.”

ఏమనాలి? ఎవర్ని కొట్టాలి? గదిలో కూర్చుని మొత్తం విన్నాను. బిస్మిల్లా. మళ్ళీ బిస్మిల్లా. మధ్యలో ఒకచోట దగ్గు, ఒకచోట గ్లాసు పెట్టిన చప్పుడు, మళ్ళీ బిస్మిల్లా. ఎక్కడైనా ఒక అంచున ఆమె ఊపిరైనా మిగిలి ఉంటుందని చివరిదాకా విన్నాను. లేదు. రెండో పక్క తిప్పితే రేడియో అడిగినవాడూ, వాచీ అడిగినవాడూ, సబ్బులడిగినావిడా అందరూ క్షేమంగా ఉన్నారు.

సాయంత్రం కుక్కను తీసుకుని మడుగు దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. బొమ్మ తీసుకుపోలేదు, డబ్బా తీసుకుపోలేదు. నీళ్ళ మీద ఒక్క పిట్ట లేదు. అది అలవాటుగా నా పక్కన బుద్ధిగా కూర్చుంది. వంగి మెల్లగా అన్నాను.

“ఇంటున్నవా?”

అది నా ముఖం చూడలేదు. వెనక్కి తిరిగి, రికార్డరు ఎప్పుడూ పెట్టే రాయి వైపు చూసింది. తోక ఒకసారి ఊపింది. తర్వాత లేచి నీళ్ళలోకి దిగింది. ఏమీ పడలేదని దానికి ఎవరు చెబుతారు? ఈ కొస నుంచి ఆ కొసకు ఈదింది, రెల్లు పొడుగునా వాసన చూసింది, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. రమ్మని పిలవడానికి నాకు నోరు రాలేదు. అది వెతుకుతున్నంతసేపూ నేను ఒడ్డున కదలకుండా కూర్చున్నాను.